విత్తుటకు ముందటి రెండు రాత్రులు

బెజవాడ గవర్నర్‌పేటలో ఏదో యొక విత్తనాల దుకాణమున పుచ్చగింజల ప్యాకెట్టు కొని, ఏలూరు రోడ్డు రద్దీలోనుండి దానిని భద్రముగా ఇంటికి చేర్చుకొని, మేడమీది కుండీలలోనో, కృష్ణానది లంకపొలములోని పాదులలోనో ఎంతయో ఆశతో విత్తి, ప్రతి ఉదయమును వంగి వంగి మట్టివంక చూచి, వారము గడచిన పిమ్మట పదింటికి మూడే మొలచినవని తెలిసికొన్నప్పుడు మీరేమనుకొందురు? దుకాణదారుడు పాతగింజ అంటగట్టెననియా? మట్టిలో సారము లేదనియా? మన హస్తవాసి మంచిది కాదనియా? మొదటి అనుమానము ఒక్కొక్కప్పుడు నిజమే కావచ్చును. దానిని తేల్చుకొను ఉపాయమును ముందే చెప్పెదను. రెండవదానికి ఆధారము లేదు, ఏలయన మొలచువరకు గింజ తన కడుపులో దాచుకొన్న ఆహారముతోనే బ్రతుకును. మూడవదానిని ఈ క్షణమే మనస్సునుండి తీసివేయుడు. మొలవని గింజలలో అధికభాగము చలికి కదలక పడియుండియో, నీటిలో ఊపిరాడకయో నశించినవై యుండును. ఆ రెండును మీ చేతిలోని విషయములే.

వాని నివారణకు కావలసినది రెండు రాత్రుల శ్రద్ధ: ఒక రాత్రి నానుటకు, ఒక రాత్రి మండె కట్టుటకు, అనగా తడిమూటలో వెచ్చగా ఉంచుటకు. కృష్ణా డెల్టాలో వరినారు పోయు రైతునకు ఈ మాట క్రొత్తది కాదు. వడ్లను 24 గంటలు నానబెట్టి, మరి 24 గంటలు గోనెలో మండె కట్టి, ముక్కు పగిలిన తరువాత దమ్ముచేసిన నారుమడిలో చల్లుట ఆయనకు తండ్రి నేర్పిన విద్య. అదే రైతు పుచ్చగింజ యొద్దకు వచ్చునప్పటికి ఆ విద్యనంతయు గట్టుమీద విడిచి, పొడిగింజను చల్లని మట్టిలో పూడ్చి, పైన చెంబెడు నీరు పోసి వెడలిపోవుచున్నాడు. ఏల? వడ్లు బస్తాల కొలది యుండును, ఇవి గుప్పెడే కదా యను నిర్లక్ష్యము చేత. సంకరజాతి పుచ్చవిత్తనపు వెల తెలిసినవారికి ఆ గుప్పెడు ఎంత విలువైనదో నేను చెప్పనక్కరలేదు.

ఇచ్చట చెప్పునది పుచ్చకును, కర్బూజకును, పప్పులో వేసికొను పసుపుపచ్చని దోసకును, చేలగట్లపై తనంత తాను మొలచు బుడమకును వర్తించును. వీనిలో పుచ్చ వేరొక జాతి. తక్కిన మూడును ఒకే జాతిలోని భేదములు. మన వంటింటి దోసకాయ కీరదోసకంటె కర్బూజకే దగ్గరి చుట్టమని గుర్తుంచుకొనుడు. ఈ చుట్టరికము మునుముందు మనకు పనికివచ్చును.

గింజకు మూడు కావలెను: నీరు, వెచ్చదనము, గాలి. నీటిని గూర్చి అందరికిని తెలియును. వెచ్చదనమును కొందరు తలంతురు. గాలిని తలచువారు మిక్కిలి అరుదు. వెచ్చదనము ఎంత పనిచేయునో చూడుడు. హారింగ్టన్ అను శాస్త్రజ్ఞుడు కాలిఫోర్నియాలో కూర్చిన పట్టిక ననుసరించి, పుచ్చగింజ 20 డిగ్రీల మట్టిలో పైకి వచ్చుటకు 12 దినములు, 25 డిగ్రీలలో 5 దినములు, 30 డిగ్రీలలో 4 దినములు, 35 డిగ్రీలలో 3 దినములు పట్టును; 15 డిగ్రీలలో అది మొలవనే మొలవదు. బెజవాడ ఎండలు ఎరిగినవారు మనకు చలి యేమి అడ్డమని యందురు గాని, వేసవికి కాయ చేతికి రావలెనన్నచో విత్తవలసినది సంక్రాంతికి అటునిటుగా, అనగా సరిగా మన రాత్రులు 20 డిగ్రీల దరిదాపులకు దిగు పుష్యమాసములోనే. ఆ 12 దినములును చల్లని తడిలో పడియున్న గింజను చీమ, ఎలుక, బూజు, కుళ్లు వదలిపెట్టునా? మట్టి చల్లదనమును మీరు మార్పజాలరు. కాని గింజ ఆ చల్లదనములో గడపవలసిన కాలమును తగ్గింపగలరు. విత్తుటకు ముందు చేయు ఉపచారములన్నింటి ప్రయోజనమును ఇదే.

ఇది నేటి ఆలోచన కాదు. తీగలకు కాయు ఫలములకు నదీజలపు నురుగు తాకు ఒడ్లు అనుకూలములని కౌటిల్యుని అర్థశాస్త్రము చెప్పుచున్నది; మన లంకలలోని ఇసుకపాదులను చూచినవారికి ఆ మాటలోని సత్యము తెలియును. 6వ శతాబ్దినాటి వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయమున విత్తులను పది దినములు పాలలో ఉంచి, నేయి పూసిన చేతితో తీసి, పేడలో పొరలించుమని విధించెను. గ్రీసు దేశమున క్రీస్తునకు పూర్వమే థియోఫ్రాస్టస్ దోసగింజను పాలలోనో నీటిలోనో నానబెట్టి విత్తినచో త్వరగా మొలచునని వ్రాసెను. గింజను సిద్ధపరచియే భూమికి అప్పగింపవలెనను భావమున వారందరును ఏకీభవించిరి. అయితే కాలపరిమాణము మాత్రము గింజను బట్టి మారును. పది దినములు ద్రవములో ఉంచినచో పుచ్చగింజ చీకిపోవును. పెద్దల మాట యందలి ఆశయమును గ్రహించి, లెక్కను మన పంటకు సరిచూచుకొందము.

ఇక పనిలోనికి దిగుదము.

1. చీటీ చదువక ప్యాకెట్టు విప్పకుడు

ప్రభుత్వ సంస్థ ధ్రువీకరించిన విత్తనమునకు నీలిచీటీయు, ఉత్పత్తిదారు తన బాధ్యతపై అమ్ముదానికి ఆకుపచ్చ చీటీయు ఉండును. ఏదైనను అందులో మూడు విషయములు చూడుడు: పరీక్షించిన తేదీ, మొలక శాతము, మందు పట్టించిరా లేదా యనునది. మన దేశపు విత్తన ప్రమాణములలో పుచ్చకు, కర్బూజకు కనీస మొలక శాతము 60 మాత్రమే. కనుక పదింటికి ఆరు మొలచినచో మోసపోతిమని కలత చెందవలదు. పదింటికి మూడు మొలచినప్పుడు మాత్రము ప్రశ్నింపవలసినదే. పరీక్ష జరిగిన తేదీనుండి చీటీ సాధారణముగా 9 నెలలు చెల్లును.

గింజలు గులాబీ, ఆకుపచ్చ, నీలము వంటి రంగులలో మెరయుచున్నచో మందు పట్టించిరని గ్రహింపుడు. వానిని గిన్నెడు నీటిలో రాత్రియంతయు ఉంచిన యెడల మీరు డబ్బిచ్చి కొన్న మందు ఆ నీటిలో కలిసిపోవును. అట్టివానికి నానబెట్టుట మాని, సరాసరి తడిగుడ్డ మండెకు పొండు. వానిని ముట్టిన చేతులు సబ్బుతో కడుగుకొనుడు, పిల్లలకు అందనీయకుడు.

2. ముందుగా పది గింజలను అడుగుడు

గింజ మంచిదో కాదో తెలిసికొనుటకు దుకాణదారుని అడుగుటకంటె గింజనే అడుగుట మేలు. పాత నూలుగుడ్డను తడిపి, గట్టిగా పిండి, దానిపై పది గింజలను ఎడముగా పేర్చి, చాపవలె చుట్టి, ప్లాస్టిక్ సంచిలో వదులుగా ఉంచి, వెచ్చని చోట పెట్టుడు. ప్రయోగశాలలలో కర్బూజను 4వ దినమునను 8వ దినమునను, పుచ్చను 5వ దినమునను 14వ దినమునను లెక్కింతురు. ఇంటిలో అంత ఓపిక అక్కరలేదు; వారము చాలును. ఎనిమిది మొలచినచో పాదునకు రెండు గింజలు పెట్టుడు, ఆరైనచో మూడు. నాలుగింటికి దిగినచో ఆ ప్యాకెట్టును, చీటీని, రసీదును వెంటబెట్టుకొని దుకాణమునకు వెడలుడు. వేయి గింజలు విత్తి, నీరు పెట్టి, పదిహేను దినములు పోగొట్టుకొన్న తరువాత చేయు తగవుకంటె ఈ పది గింజల సాక్ష్యము బలమైనది కాదా?

3. ఇంటిగింజ దాచువారికి ఒక హెచ్చరిక

తినిన కర్బూజ రుచిగా నున్నదని దాని గింజలను కడిగి దాచుకొను గృహిణులు మన యూరిలో పెక్కుమంది కలరు. ఆ అలవాటు నాకెంతో ఇష్టము. అయితే రెండు చిక్కులున్నవి. మొదటిది: దుకాణపు పండ్లలో పెక్కు సంకరజాతులు, వాని గింజ మొలచును గాని తల్లి గుణములన్నియు ఒక్కచో రావు. బెంగుళూరు సమీపమున హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధనా సంస్థ విడుదల చేసిన అర్క మాణిక్ పుచ్చ వంటి సూటిరకమైనచో గింజ దాచుకొనవచ్చును. రెండవది: కర్బూజ, దోస, బుడమ ఒకే జాతి గనుక తేనెటీగ దోసపూవునుండి కర్బూజపూవునకు పుప్పొడి మోసినచో, ఆ గింజనుండి వచ్చు తీగకు కర్బూజ తీపి తగ్గిన కాయలు కాచిన ఆశ్చర్యపడరాదు. పుచ్చకు వీనితో ఈ చిక్కు లేదు.

గింజ చుట్టునున్న జిగురు మొలకను అడ్డగించు గుణము కలది. లేకున్నచో పండులోనే గింజలు మొలకెత్తియుండెడివి. కనుక గింజలను గుజ్జుతో సహా ఒకటి రెండు దినములు గిన్నెలో పులియనిచ్చి, చేతితో నలిపి, జారుడు పోవువరకు కడిగి, నీడలో ఆరబెట్టుడు. బూడిద కలిపి దాచుట మన పల్లెలలోని పాతపద్ధతి. తేమను పీల్చుటకును పురుగును దూరముంచుటకును అది నేటికిని మంచిదే.

4. మొదటి రాత్రి: నానబెట్టుట

ఇచ్చటనే ఎక్కువమంది తప్పుదారి పట్టుదురు గనుక నిదానముగా చదువుడు.

వెడల్పైన పళ్లెమో, అడుగు చదునుగానున్న గిన్నెయో తీసికొనుడు. గింజలను ఒకే వరుసగా పరచి, అవి మునుగునంత మాత్రమే గోరువెచ్చని నీరు పోయుడు. లోతైన గ్లాసులో నిండుగా పోసిన నీటి అడుగున గింజకు గాలి అందదు. వేడినీరు పోయకుడు, మణికట్టుపై పోసికొన్నప్పుడు సుఖముగా నున్నదే తగిన వేడి. పుచ్చగింజ పొట్టు మందము గనుక 10 నుండి 12 గంటలు, అనగా రాత్రి భోజనమైన తరువాత వేసి తెల్లవారగనే తీయుట చక్కగా సరిపోవును. కర్బూజకును దోసకును పొట్టు పలుచన. 4 నుండి 6 గంటలు చాలును. పొద్దున వేసి మధ్యాహ్నమునకు తీయుడు.

వేసిన వెంటనే గింజలు తేలినవని తాలుగింజలుగా ఎంచి పారవేయకుడు. పొట్టులో గాలి చిక్కుకొన్న మంచిగింజయు మొదట తేలును. తెల్లవారిన తరువాతను వ్రేలితో నొక్కినను పైకే వచ్చు గింజ మాత్రమే తాలు.

గింజ ఎల్లవేళలను నీటిని ఒకే విధముగా త్రాగుచుండునని భ్రమింపకుడు. మొదటి కొన్ని గంటలలోనే గింజ తనకు కావలసిన నీటిని పీల్చుకొనును. అటుపిమ్మట లోపలి పిండము మేల్కొని శ్వాసించుటకు ఆరంభించును. సరిగా గాలి అవసరమైన ఆ వేళకే మనము దానిని నీటిలో ఉంచినచో ఏమగును? ఒక ఇల్లాలిని ఊహించుకొనుడు. శుక్రవారము రాత్రి గ్లాసులో గింజలు వేసి, మరునాడు బందరులో పెండ్లికి వెడలి, సోమవారము తిరిగివచ్చి చూచినది. గింజలు ఉబ్బి నునుపుగా, ఆరోగ్యముగా కనిపించినవి. నీరు మాత్రము పుల్లని వాసన వేసినది. ఆమె వానిని విత్తెను, ఒక్కటియు మొలవలేదు. ప్యాకెట్టు దోషమని ఆమె నమ్మెను. దోషము ఆ మూడు దినముల నీటిది. 24 గంటలు దాటి ఏ పుచ్చజాతి గింజను నీటిలో ఉంచరాదు. పనిబడి విత్తలేకపోయినచో, నానిన గింజను నీడలో, గాలి తగులునట్లు పలుచగా పరచి మునుపటివలె ఆరనిండు. ముక్కు పగులనంతవరకు అది కొన్ని దినములు నిలుచును, విత్తినప్పుడు తొందరగానే మొలచును.

విత్తులేని పుచ్చ పెంచదలచువారు ఈ రాత్రిని పూర్తిగా విడువవలెను. జపాను శాస్త్రజ్ఞుడు హితోషి కిహరా 1951లో లోకమునకు ప్రకటించిన ఆ విచిత్రమైన పుచ్చకు పండులో గింజలుండవు గాని, విత్తుటకు గింజ కావలెను. ఆ గింజ పొట్టు దళసరి, లోపలి పిండము బలహీనము, కొంచెము నీరెక్కువైనను సహింపదు. దానికి 30 డిగ్రీల వెచ్చదనము, కేవలము చెమ్మగిల్లిన మట్టి, ఇంతే.

కాకరకు, పొట్లకు చేసినట్లు గింజ మూతిని గోరుకత్తెరతో చిదుపవచ్చునా యని కొందరడుగుదురు. దోసకు, కర్బూజకు అక్కరలేదు; పుచ్చకు నానుడు చాలును. కత్తెర జారినచో తెగునది వేరుమూలమే గనుక చేయి తిరుగనివారు ఆ పనికి పోకుందురు గాక.

5. రెండవ రాత్రి: మండె కట్టుట

నానిన గింజలను మంచినీటితో ఒకమారు కడిగి, తడిపి పిండిన నూలుగుడ్డలో పలుచగా పరచి, వదులుగా మూట కట్టుడు. గుడ్డ తడి ఎంత యుండవలెను? ఈ ప్రశ్నకు శాస్త్రగ్రంథములకంటె మన ఇండ్లలోని పెద్దవారే చక్కగా సమాధానము చెప్పుదురు.

"అత్తయ్యా, గుడ్డ ఆరినట్టుంది, మళ్లీ నీళ్లలో ముంచనా?"

"వద్దమ్మా, ముందు పిండి చూడు. చుక్క రాలిందంటే తడి చాలా ఉన్నట్టే. చేతికి చల్లగా తగిలితే చాలు."

ఈ కొలతను కంఠస్థము చేయుడు: పిండినచో చుక్క రాలరాదు, తాకినచో చెమ్మ తెలియవలెను.

మూటను వెచ్చదనమున్న చోట ఉంచుడు. పల్లెలో వరిగడ్డి వామిలోనికి మోచేయి పట్టునంత లోతున దూర్చినచో రాత్రి చలి దానిని తాకదు, ఊకబస్తాయు మంచిదే. గవర్నర్‌పేట మేడలలో గడ్డివామి యెక్కడిదని చింతింపకుడు: ఫ్రిజ్జు పైభాగమునో, మూతగల డబ్బాలో గోరువెచ్చని నీటి సీసా ప్రక్కనో ఉంచుడు. పొయ్యి గట్టుపై, ఎండలోని మేడమీద ఉంచకుడు. 40 డిగ్రీలు దాటు వేడి మొలకను ఉడికించును. మాఘమాసము వెడలి ఎండ ముదిరిన తరువాత విత్తువారికి ఈ వెచ్చదనపు ఏర్పాటే అక్కరలేదు. ఇంటి గాలియే చాలును.

ఉదయము ఒకమారు, సాయంకాలము ఒకమారు విప్పి చూడుడు. విప్పుట చూచుటకు మాత్రమే కాదు, గింజలకు గాలి సోకుటకును. 24 నుండి 36 గంటలలో గింజ కొనకోణమునుండి తెల్లని ముక్కు బయటపడును. అది 2, 3 మిల్లీమీటర్లుండగనే విత్తుడు. ఇంకొక పూట ఆగినచో వేరు గుడ్డ నూలులోనికి దూరి, తీయునప్పుడు తెగును. వేరుకొన విరిగిన గింజపై ఆశ విడువవలసినదే. అన్నియు ఒక్కసారిగా ముక్కు పగులవు; పగిలినవానిని తీసి విత్తి, మిగిలినవానిని మరల కట్టుడు. నాలుగు దినములైనను కదలనివి ఇక కదలవు.

ఇంతకంటె ముందుకు పోదలచిన ఉత్సాహవంతులకు ఒక మాట. కాలిఫోర్నియాలోని డేవిస్‌లో బ్రాడ్‌ఫర్డ్ మొదలైనవారు 1980ల దశకమున కర్బూజగింజను పొటాషియం నైట్రేట్ ద్రావణములో ఉంచి, తరువాత ఆరబెట్టి విత్తి, చల్లని మట్టిలోను త్వరగా మొలచుట చూచిరి. ఉప్పు కలసిన నీరు గింజలోనికి నెమ్మదిగా, కొలతతో చొరబడును గనుక పిండము మేల్కొనును గాని వేరు బయటకు రాదు. లీటరు నీటికి 30 గ్రాములు, 25 డిగ్రీలు, ఆరు దినములు, పొడుగునను చేపలతొట్టెలో వాడు చిన్న గాలిపంపుతో బుడగలు విడుచుచుండుట వారి పద్ధతి. 13-0-45 అను పేర రైతులెరిగిన ఎరువే ఈ పొటాషియం నైట్రేట్. అయినను ఇట్లు సిద్ధపరచిన గింజ ఎక్కువ కాలము నిలువదు. గాలిపంపు ఒక రాత్రి ఆగినచో నష్టము తప్పదు. నారు పెంచి అమ్మువారికి ఇది లాభకరము. పది పాదుల తోటకు నీరు, గుడ్డ, వెచ్చదనము కంటె మించినది నాకు కనబడలేదు.

6. మందులు, లేపనములు

పొడిగింజను నేరుగా విత్తువారు కిలోకు 3 గ్రాముల థైరమ్ పట్టించుట చాలకాలముగా నున్న ఆచారము. నానబెట్టి మండె కట్టువారికి జీవసంబంధమైన మందులే అనుకూలములు: నానిన గింజ పైతడి ఆరిన తరువాత కిలోకు 5 నుండి 10 గ్రాముల ట్రైకోడెర్మా పొడి (పది గింజలకు చిటికెడు) కలిపి, అరగంట నీడలో ఉంచి, పిమ్మట మూట కట్టుడు. రెండింటిని కలిపి రెట్టింపు రక్షణ పొందుదమను ఆశ వలదు. శిలీంధ్రమును చంపు మందు శిలీంధ్రమే అయిన ట్రైకోడెర్మాను మాత్రము విడుచునా?

ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుండి రైతు సాధికార సంస్థ వ్యాపింపజేయుచున్న ప్రకృతి వ్యవసాయములో బీజామృతము మొదటి మెట్టు. 100 కిలోల విత్తనమునకు 20 లీటర్ల నీరు, 5 కిలోల ఆవుపేడ, 5 లీటర్ల గోమూత్రము, 50 గ్రాముల సున్నము, గుప్పెడు గట్టుమట్టి అని దాని లెక్క. మన గుప్పెడు గింజకు పదవవంతు చేసినను మిగిలిపోవును: 2 లీటర్ల నీరు, అరకిలో పేడ, అరలీటరు గోమూత్రము, 5 గ్రాముల సున్నము. పేడను గుడ్డలో మూటకట్టి 12 గంటలు నీటిలో వ్రేలాడదీసి, సున్నమును వేరుగా నీటిలో ఒక రాత్రి ఉంచి, ఉదయము పేడమూటను పిండి అన్నియు కలుపుడు. నానిన గింజను అందులో ముంచి తీసి నీడలో ఆరబెట్టుట చాలును. అందులోనే గంటల తరబడి వదలుట మరల గాలి లేకుండ చేయుటయే. మొలక వచ్చిన గింజకు ఏ లేపనమును పూయకుడు.

7. విత్తుట

ముందటి దినమే పాదును తడిపి యుంచుడు. విత్తిన తరువాత చెంబులతో పోయకుడు. గింజను బల్లపరుపుగా పడుకోబెట్టి 2 సెంటీమీటర్ల లోతున ఉంచుడు. లంకలోని ఇసుక పైపొర పూటలో ఆరిపోవును గనుక అచ్చట 3 సెంటీమీటర్లు. ఒండ్రు నల్లనేలలో 2 సెంటీమీటర్లే, పైన కప్పుటకు ఇసుకయు చివికిన పేడయెరువును కలిపిన మిశ్రమమే వాడుడు, ఏలయన ఆ నేల ఆరినప్పుడు పెచ్చుకట్టి మొలక మెడను విరుచును.

పడుకోబెట్టుట ఎందుకని అడుగవచ్చును. 1880లో చార్లెస్ డార్విన్ తన కుమారుడు ఫ్రాన్సిస్ సహాయముతో మొక్కల చలనమును గూర్చి వెలువరించిన గ్రంథములో గుమ్మడి కుటుంబపు మొలకను వర్ణించినాడు. వేరునకు కాండమునకు నడుమ క్రిందివైపున చిన్న మడమ వంటి పెరుగుదల పుట్టి, పొట్టు క్రిందిరేకును నేలకు అదిమిపట్టును. అప్పుడు వంగిన కాండము నిక్కి బీజదళములను పొట్టులోనుండి పైకి లాగుకొనును. పైన మట్టిబరువు చాలకున్నచో ఆ అదిమిపట్టు కుదరదు. మొలక పొట్టును టోపీవలె తలపై మోసికొని పైకి వచ్చి, దళములు విప్పుకొనజాలక పసుపు తిరుగును. అట్టి టోపీని పొడిగా నుండగా లాగకుడు. తడిదూది అరగంట కప్పి, మెత్తబడిన పిమ్మట మెల్లగా జార్చుడు.

నారు పెంచి నాటువారు 98 గుంతల ప్రోట్రేలో కొబ్బరిపొట్టు నింపి గుంతకొక గింజ పెట్టుదురు. ఇంటితోటవారికి నేను చెప్పునది ప్రసాదపు దొన్నె. అడుగున ఒక రంధ్రము పొడిచి, సగము మట్టి సగము చివికిన ఎరువు నింపి, ముక్కు పగిలిన గింజ పెట్టుడు. పుచ్చజాతి మొక్కకు వేరు కదలుట గిట్టదు. దొన్నెతోనే పాదులో దించినచో ఆకు మట్టిలో చివికిపోవును, వేరునకు తెలియనే తెలియదు.

8. మొలచిన తరువాత పదిహేను దినములు

పైన పాలిథీనో గడ్డియో కప్పియున్నచో మొలక తలయెత్తిన దినముననే తీసివేయుడు. బాల్కనీ నీడలో ఉంచిన మొలక వెలుతురును వెదకుచు సన్నగా సాగి పడిపోవును; ఉదయపు ఎండ నాలుగైదు గంటలైనను తగులునట్లు చూడుడు. మొలక మొదలు నీరుపట్టినట్లు మెత్తబడి ఒరిగినచో అది నారుకుళ్లు. ప్రక్కవానికి సోకకముందే ఆ దొన్నెను తీసి, మిగిలినవానికి ఒక దినము నీరు ఆపుడు. ఉదయము తడిపిన మట్టి సాయంకాలమునకు పైన ఆరియుండవలెను.

రెండు దళముల మొక్కకు పరమశత్రువు నారింజరంగు గుమ్మడి పెంకుపురుగు. దళములను జల్లెడ చేయును. మంచు ఆరకముందు దళములపై పలుచగా కట్టెబూడిద చల్లుట, తెల్లవారుజామున పురుగులు మందకొడిగా నున్నప్పుడు ఏరివేయుట చిన్నతోటకు చాలును.

12 నుండి 15 దినములకు రెండు నిజమైన ఆకులు విచ్చుకొనును. నాటుటకు అదే తరుణము. నాటుటకు రెండు దినముల ముందు నీరు తగ్గించి, ఎండకు అలవాటు చేసి, సాయంకాలము నాటుడు. నెల గడచి తీగ సాగిన మొక్కను జాలిపడి నాటినను అది పది దినములు బెంగతో నిలిచిపోవును, తరువాత విత్తినదే దానిని దాటిపోవును. నేరుగా పాదులో విత్తినవారు మూడు మొలచినచో బలమైనది ఒకటి ఉంచి, తక్కినవానిని పెరుకక, నేలమట్టమున కత్తెరతో కత్తిరింపుడు. పెరికినచో ఉంచదలచిన మొక్క వేరు కూడ కదలును.

విత్తిన నాడే పదింటికి రెండు చొప్పున దొన్నెలు అదనముగా సిద్ధముచేసికొనుడు. పాదులో 8 దినములైనను మొలక కనబడనిచో మట్టి తవ్వి చూచుచు కాలము వ్యర్థపరుపక, ఆ ఖాళీలో దొన్నెను దించుడు. ఈ పూరింపు 15 దినములలోపలనే జరుగవలెను. అటుపిమ్మట ప్రక్క తీగలు ప్రాకివచ్చి ఆ చిన్నమొక్కను కప్పివేయును గనుక, అంతకు మించి ఆలస్యమైన ఖాళీని ఖాళీగానే విడిచి, దాని వంతు నీటిని ఎరువును ఇరుగుపొరుగు పాదులకు ఇచ్చుట మేలు.